ఎల్వీరా మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది? మొజార్ట్ ‘డాన్ జొవాన్ని’లో ప్రేమ, వంచన గురించి

ప్రశ్న: మహేంద్రతనయ, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం. కిందటి నెలలో బరంపురంలో మా చెల్లెలి ఇంట నాలుగు రోజులు ఉన్నాను. వయొలిన్ నేర్చుకుంటున్న దాని కూతురు పట్టుబట్టి, మొజార్ట్ స్వరపరచిన ‘డాన్ జొవాన్ని’ అనే ఇటాలియన్ ఒపెరాను రాత్రికొక అంకం చొప్పున రెండు రాత్రులు మా అందరికీ చూపించింది. పాటే కథను నడిపించే నాటకం మాకు కొత్త కాదు. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకాన్ని తెల్లవార్లూ చూసి పెరిగినవాళ్ళం. అయినా ఈ కథ మా ఇంట్లో ఇంత తగవు పెడుతుందని నేను అనుకోలేదు.

చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. లొరెంజో ద పోంతే మాటలు రాసిన ఈ ఒపెరాను 1787 అక్టోబరు 29న ప్రాగ్ నగరంలో తొలిసారి ప్రదర్శించారు. డాన్ జొవాన్ని ఒక స్పానిష్ ప్రభువు. కనబడిన స్త్రీనల్లా లోబరచుకోవడమే అతని వ్యాపకం. నాటకం మొదలవుతూనే అతను డోన్నా అన్నా ఇంట్లో చొరబడి, అడ్డువచ్చిన ఆమె తండ్రిని కత్తితో పొడిచి చంపుతాడు. ఆ తరువాత జెర్లీనా అనే పల్లెపడుచును ఆమె పెళ్ళినాడే, పెళ్ళికొడుకు మసెట్టోను పక్కకు తప్పించి, తీసుకుపోజూస్తాడు. చివరికి ఆ చనిపోయిన తండ్రి శిలావిగ్రహం అతని ఇంటికి భోజనానికి వచ్చి, చెయ్యి పట్టుకొని, పశ్చాత్తాపపడమని అడుగుతుంది. అతను ససేమిరా అంటాడు. మంటలు అతన్ని మింగేస్తాయి.

నా ప్రశ్న డోన్నా ఎల్వీరా గురించి. బుర్గోస్ నగరంలో ఆమె ఇంట్లో రహస్యంగా ప్రవేశించి, ఒట్లు పెట్టి, నువ్వే నా భార్యవని నమ్మించి, మూడు రోజులకే అతను వెళ్ళిపోయాడు. (మన పాత పెళ్ళిళ్ళలో మూడు రాత్రుల దీక్ష ముగిశాక గాని కాపురం మొదలయ్యేది కాదు, ఈమెకు మూడు రోజులకే కాపురం ముగిసింది.) అతన్ని వెతుక్కుంటూ వచ్చిన ఆమె మొదట గుండె పెరికేస్తానంటుంది. జెర్లీనాను అతని చేతుల్లోంచి తప్పిస్తుంది, అన్నాను హెచ్చరిస్తుంది. ఇంత తెలిసిన మనిషి రెండవ అంకంలో అతని తియ్యటి మాటకు మళ్ళీ మేడ దిగి వస్తుంది. ఆఖరి రాత్రి భోజనాల బల్ల దగ్గర మోకరిల్లి, బతుకు మార్చుకోమని వేడుకుంటుంది. అతను కూడా వెక్కిరింపుగా మోకరిల్లి, తర్వాత లేచి, నన్ను తిననీ, కావాలంటే నువ్వూ తిను అంటాడు.

మా చెల్లెలు ఆమెకు పౌరుషం లేదని తీర్పు చెప్పేసింది. దాని కూతురు మాత్రం, “పెద్దమ్మా, ఈ నాటకంలో మొదటినుంచీ నిజం చెబుతున్నది ఆమె ఒక్కతే కదా, మరి ఆమె వచ్చినప్పుడల్లా మనకు నవ్వెందుకు వస్తోంది?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఎల్వీరాది ప్రేమా, పంతమా, అమాయకత్వమా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: వంశధార, గుణుపురం

మహేంద్రతనయ గారికి నమస్కారం. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. పాశ్చాత్య సంగీతం నాకు చెవికి ఇంపు వరకే తెలుసు. అయినా మీ ప్రశ్న మన అలంకారశాస్త్రం గడప దగ్గరికి వచ్చి నిలబడింది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరినుంచి వచ్చిన ప్రశ్నకు ఇన్ని సంస్కృతపు మాటలతో జవాబు చెబుతున్నందుకు మన్నించాలి.

మనవాళ్ళు శృంగార నాయకులను నాలుగు విధాలుగా చెప్పారు. ఒక్కతెనే అంటిపెట్టుకొని ఉండేవాడు అనుకూలుడు. పలువురి యెడల సమానమైన ఆదరం చూపేవాడు దక్షిణుడు. పైకి ప్రియం పలుకుతూ చాటున అపరాధం చేసేవాడు శఠుడు. తప్పు బయటపడిన తరువాత కూడా జంకు లేకుండా ఎదుట నిలబడేవాడు ధృష్టుడు. డాన్ జొవాన్ని తాను దక్షిణుణ్ణని చెప్పుకుంటాడు. రెండవ అంకం ఆరంభంలో సేవకుడు లెపొరెల్లో ఈ ఆడవాళ్ళ గొడవ మానమని బతిమాలితే, ఒకతెకే నమ్మకంగా ఉన్నవాడు తక్కినవారందరికీ క్రూరుడవుతాడనీ, తన మనసు విశాలం గనుక అందరినీ ప్రేమిస్తున్నాననీ వాదిస్తాడు. వినడానికి ఎంత ఉదారంగా ఉందో చూడండి.

ఆ వాదాన్ని పడగొట్టడానికి శాస్త్రం అక్కరలేదు, అతని పద్దుపుస్తకం చాలు. లెపొరెల్లో ఎల్వీరా ముందు విప్పి చదివే ఆ జాబితాలో ఇటలీలో 640 మంది, జర్మనీలో 231, ఫ్రాన్సులో 100, టర్కీలో 91, స్పెయిన్‌లో 1003 మంది ఉన్నారు, కూడితే 2065. దక్షిణుడికి ప్రతి నాయికా గుర్తుండాలి. ఇతనికి లెక్క రాయడానికి ఒక గుమాస్తా కావలసి వచ్చింది. కొందరు వృద్ధ స్త్రీలను కేవలం జాబితాలో చేర్చే సరదా కోసమే వంచించాడని కూడా ఆ గుమాస్తాయే చెబుతాడు. అంతకంటె ఘోరం ఎల్వీరా ప్రవేశంలోనే ఉంది. వీధిలో ఎవరో స్త్రీ తనను వంచించినవాణ్ణి తలచుకొని పాడుకుంటూంటే, ఇతను దూరంనుంచి విని, పాపం, ఓదారుద్దాం అని దగ్గరికి వెళతాడు. ముఖం చూశాక గాని అది తాను వదిలేసిన మనిషని తెలుసుకోడు. ఆమె గొంతు కూడా అతనికి గుర్తు లేదు. జెర్లీనా దగ్గర అతను శఠుడు, ఆఖరి భోజనం దగ్గర ధృష్టుడు. దక్షిణుడు మాత్రం ఎక్కడా కాడు.

ఇక ఎల్వీరాను ఏ నాయిక అనాలి? ప్రియుడు మరొకతె దగ్గర గడిపి వస్తే అలిగే ఖండిత అందామా, వస్తానన్నవాడు రాక మోసపోయిన విప్రలబ్ధ అందామా? నేను రెండు రోజులు తర్జనభర్జన పడి మానుకున్నాను. మన అష్టవిధ నాయికలలో ఎవరి కోపమైనా, ఎవరి దుఃఖమైనా, ఆ నాయకుడు ఎప్పటికైనా తిరిగి వచ్చే మనిషి అన్న నమ్మకం మీద నిలబడి ఉంటుంది. భామాకలాపంలో సత్యభామ అలిగి చెలికత్తె మాధవి చేత లేఖ పంపితే కృష్ణుడు వస్తాడు. ఎల్వీరాకు దొరికిన మాధవి ఎవరో గుర్తుందా? యజమాని అంగీ తొడుక్కొని, యజమానిలా నటిస్తూ ఆమెను చీకట్లో వెంటబెట్టుకుపోయిన లెపొరెల్లో.

నాకు ఈమెను చూస్తే తోచేది శకుంతల. కాళిదాసు శకుంతల కాదు, నన్నయ గారి ఆదిపర్వంలోని శకుంతల. ఆ కథలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు. దుష్యంతుడికి అంతా తెలుసు. తెలిసే, లోకానికి వెరచి, నువ్వెవరో నేనెరుగనని నిండు సభలో అంటాడు. సాక్షులు లేని పెళ్ళి చేసుకున్న స్త్రీకి తన మాట తప్ప ఆధారం ఏమీ ఉండదు. ఎల్వీరా స్థితి సరిగ్గా అదే. అన్నా, ఆమెకు కాబోయే భర్త ఒట్టావియో ఎదుట ఆమె వీణ్ణి నమ్మకండని చెబితే, ఇతను పక్కకు తిరిగి, పాపం ఈ పిల్లకు పిచ్చి, ఆమెను నాకు వదలండి అంటాడు. అక్కడ తేలవలసింది ప్రేమ కాదు, ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందన్నది. రెండవ అంకంలో యజమాని వేషంలో ఉన్న లెపొరెల్లోను అందరూ చుట్టుముట్టి చంపబోతే, ఆమె అడ్డుపడి, ఇతను నా భర్త, దయచూడండి అంటుంది. ముసుగు తీస్తే సేవకుడు. భర్త అని నలుగురిలో పలికిన ఆ ఒక్క మాట కూడా ఆమెకు దక్కలేదు.

నన్నయ శకుంతలకు ఆకాశవాణి పలికింది. ఎల్వీరాకు ఎవరూ పలకలేదు. ఆ శిలావిగ్రహం దైవశిక్షే అనుకున్నా, అది వచ్చింది తన హత్య పని మీద, తనను పిలిచిన విందు పని మీద. ఆమె ఊసు అది ఎత్తదు. కనుక మీ చెల్లెలి కూతురి ప్రశ్నకు నా జవాబు ఇది. ఎవరూ ఒప్పుకోని మాటను పదిమందిలో పదేపదే చెప్పేవాళ్ళను చూస్తే లోకానికి నవ్వే వస్తుంది. ఆమె మళ్ళీ మళ్ళీ రావడం మాట నిలబెట్టుకోవడానికేనని నేననుకుంటాను.

జవాబు 2: నాగావళి, రాయగడ

వంశధార మాస్టారికి నమస్కారం. మీ జవాబును గౌరవంతోనే కొంత కాదంటున్నాను. ఎల్వీరాను మీరు మరీ ధర్మదేవతను చేసేశారు. మేడ మీద నిలబడి ఆమె పాడేదేమిటో వినండి: వెళ్ళాలో ఉండాలో తెలియడం లేదనీ, దేవతలారా, నా నమ్మే గుణాన్ని మీరే కాపాడండనీ అంటుంది. తాను సులువుగా నమ్మే మనిషినని ఆమెకే తెలుసు. తెలిసీ దిగుతుంది. మాట నిలబెట్టుకోవడానికి వచ్చేవాళ్ళు అలా దిగరు. మనసు లాగితే దిగుతారు. నాకు ఆమె మీద గౌరవం కలిగింది అక్కడే. మీరు ఆ బలహీనతను తీసేస్తే ఆమెలో మిగిలేది ఫిర్యాదుపత్రం.

ఇంకొక మాట. ప్రేమ గురించి మాట్లాడుతూ జెర్లీనాను అందరూ వదిలేశారు. పెళ్ళినాడే పరాయివాడి చేతిలో చెయ్యి పెట్టిందని ఆమెను తప్పుపట్టేవారు, అతను ఏమేమి ఎర చూపాడో కూడా చూడాలి. నువ్వు పల్లెటూరి పిల్లగా ఉండవలసినదానివి కావు, నీ వేళ్ళు తాకితే జున్ను తాకినట్లుంది, నీ రాతే మార్చేస్తాను అంటాడు. మా జిల్లాలో పెద్దింటి మాట ఇచ్చి పేదింటి పిల్లను మోసం చేసిన కథలు అందరికీ తెలుసు. ఆమె బెదరలేదనను, గానీ తరువాత మసెట్టో దగ్గరికి తిరిగి వెళ్ళి, బతిమాలి, అలక తీర్చి, అతను జొవాన్ని చేతిలో దెబ్బలు తిన్న రాత్రి ఏ వైద్యుడి దగ్గరా దొరకని మందు నా దగ్గర ఉందంటూ అతని చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంటుంది. నన్ను గొర్రెపిల్లలా కొట్టు అని ఆమె మొదట పాడే పాట మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడదు. దాని కింద మెత్తగా సాగే చెల్లో (వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యం) నాదం ఎంత అందంగా ఉన్నా సరే.

అన్నా సంగతి చెప్పాలంటే, కథ ముగిశాక కూడా పెళ్ళికి ఇంకొక ఏడాది గడువు అడిగిన మనిషి ఆమె. 1813లో హాఫ్‌మన్ అనే జర్మన్ రచయిత ఆమె మనసులో జొవాన్నియే ఉన్నాడని ఊహించాడు. నేను నమ్మను. తండ్రి శవం కళ్ళముందు కదులుతున్న ఆడపిల్లకు ఏడాది గడువు ఎక్కువేమీ కాదు. నా శాంతి ఆమె శాంతి మీదనే ఆధారపడి ఉందని పాడుకునే ఒట్టావియో, మాస్టారి లెక్కలో అసలు సిసలైన అనుకూల నాయకుడు. పాపం, ప్రేక్షకులు అతను పాడుతున్నప్పుడే కుర్చీలో సర్దుకుంటారు.

జవాబు 3: ఋషికుల్య, బరంపురం

నేను వయొలిన్ నేర్పుతాను, కాబట్టి నా మాట సంగీతం వైపునుంచి. పై ఇద్దరూ మాటలు చూసి వాదించారు. ఈ ఒపెరాలో మనుషుల మధ్య ఉన్న సంబంధాలు మాటల్లో సగమే ఉన్నాయి, మిగతా సగం స్వరాల్లో ఉన్నాయి.

జెర్లీనాతో జొవాన్ని పాడే యుగళాన్నే తీసుకోండి. మొదట అతను ఒక పూర్తి చరణం పాడతాడు. ఆమె అదే వరుసను అందుకొని, ఇష్టమే, ఇష్టమూ లేదు, మనసు కొంచెం వణుకుతోంది, ఆటపట్టిస్తున్నాడేమో అని తన చరణం పాడుతుంది. అంటే ఆమె సందేహం కూడా అతను ఇచ్చిన రాగంలోనే పలుకుతోంది. మాట కాదంటున్నా గొంతు అప్పటికే అతని దారిన పడింది. తరువాత వంతులు పొట్టివవుతాయి, ఒకరి మాట పూర్తికాకుండానే రెండవవారు అందుకుంటారు. చివర రెండు అక్షరాల నడక తిశ్రంలోకి, అంటే మూడు అక్షరాల నడకలోకి, ఒరిగి, ఇద్దరూ ఒకే మాట మీద కలుస్తారు. ఇదంతా సుమారు మూడు నిమిషాల్లో జరుగుతుంది. పద్యనాటకంలో ఒకరి పద్యం ముగిసి చప్పట్లు అయ్యాక గాని రెండవవారు ఎత్తుకోరు. ఇక్కడ ఆ ఎడం క్రమంగా మూసుకుపోవడమే వలపు.

ఆ కలిసిన గొంతుల మీదికే ఎల్వీరా వచ్చి పడుతుంది. అప్పుడు ఆమె పాడే చిన్న పాటను మొజార్ట్ కావాలనే తనకంటె ముందు తరం ఫక్కీలో, విరుపులతో, పెళుసుగా కట్టాడు. అందరూ కొత్త పాట పాడుతున్న ఇంట్లోకి ఒక పెద్దావిడ పాత స్తోత్రం చదువుతూ వచ్చినట్లుంటుంది. నవ్వు ఎందుకు వస్తుందని ఆ అమ్మాయి అడిగింది కదా, ఆ నవ్వులో కొంత వాటా మొజార్ట్‌దే.

ఇక జొవాన్నికి తనదంటూ పాట ఉందా? ఒంటరిగా పాడేవి మూడే, మూడూ చిన్నవే. ఒకటి విందు ఏర్పాట్లు పురమాయిస్తూ ఊపిరి తిప్పుకోకుండా పాడేది. అందులో కూడా రేపు తెల్లవారేసరికి నా జాబితాలో ఓ పది పేర్లు చేరాలంటాడు. మిగిలిన రెండూ లెపొరెల్లో బట్టల్లో ఉండి పాడేవి. ఎవరి ఎదుట నిలబడితే వారి స్వరం అరువు తెచ్చుకోవడమే అతని విద్య. మొదటి అంకం చివరి విందులో మూడు బృందాలు మూడు వేర్వేరు తాళాల్లో ఒకేసారి వాయిస్తాయి. పెద్దింటివారికి మినుయెట్ అనే నాట్యం, మసెట్టోను పట్టుకొని గిరగిర తిప్పే లెపొరెల్లోకు జర్మన్ నాట్యం. జొవాన్ని జెర్లీనాను తీసుకొని మధ్యరకం నాట్యంలో దిగుతాడు. అతను ఒక మెట్టు దిగాడు, ఆమె ఒక మెట్టు ఎక్కింది. ఆ మెట్టు మీద ఉన్నంతసేపే వాళ్ళు జంట. అదే విందుకు అన్నా, ఎల్వీరా, ఒట్టావియో ముసుగులు వేసుకొని వస్తారు. మా ఊరి ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టినవాళ్ళ ముఖాల్లో ఉండే దీక్ష నాకు ఆ ముగ్గురి పాటలో వినబడుతుంది. వేడుక కోసం ముసుగు వేసినవాళ్ళు కారు వాళ్ళు.

మాస్టారికి, రాయగడ అమ్మగారికి మధ్య నడుస్తున్న వాదానికి నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. మేడ కింద చీకట్లో, లెపొరెల్లో వెనుక దాక్కొని జొవాన్ని ఎల్వీరాను దిగిరమ్మని పిలుస్తాడు కదా, నమ్మకపోతే చచ్చిపోతానని కూడా అంటాడు. (పక్కనే లెపొరెల్లో, ఇంకా పాడితే నేను నవ్వేస్తానంటాడు.) ఆ పిలుపు వరుసను బాగా వినండి. ఆమె నమ్మి దిగి, వేషంలో ఉన్న సేవకుడి వెంట వెళ్ళిపోయిన కొద్ది నిమిషాలకే, అతను మాండొలిన్ మీటుతూ అదే కిటికీ కింద ఆమె పనిపిల్ల కోసం పాట ఎత్తుకుంటాడు. ఆ పాట వరుసకు మొలక ఇందాకటి పిలుపులోనే ఉంది. యజమానురాలికి ప్రాణం పోయేటట్లు పాడినదే, శ్రుతి మార్చి పనిపిల్లకు. ఎల్వీరా ఈ సంగతి ఎన్నటికీ ఎరగదు, వింటున్న మనకు మాత్రమే తెలుసు.

ఎల్వీరా పాడే గొప్ప పాట ప్రాగ్‌లో జరిగిన తొలి ప్రదర్శనలో లేదు. 1788 మేలో వియన్నా ప్రదర్శన కోసం మొజార్ట్ దాన్ని కొత్తగా రాశాడు. మాస్టారు చెప్పిన ఆ అవమానం, నా భర్త అన్నది సేవకుడై తేలడం, జరిగిన తరువాతే అది వస్తుంది. అతని తల మీద పిడుగు పడబోతోందని ఆమెకు కనబడుతుంది. ఆ కృతఘ్నుడు నన్ను వంచించాడు, అయినా అతని మీద జాలే కలుగుతోంది అని పాడుతుంది. మొదటి పాటలో ఉన్న విరుపులు, పెళుసుదనం ఇందులో లేవు; గొంతు ఆగకుండా, నీరు పారినట్లు పారుతుంది. పంతమైతే ఆ వరుస అలా పారదని నా చెవికి తోస్తుంది. నేను రాయగడ అమ్మగారి వైపే.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ కృతజ్ఞతలు. ఋషికుల్య గారు చెప్పినట్లు ఆ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి నిన్న రాత్రి మళ్ళీ విన్నాను. మొదటిసారి చూసినప్పుడు ఆ మాండొలిన్ పాట ఎంత బాగుందో అనుకొని రెండుసార్లు పెట్టించుకున్నదాన్ని నేనే. ఇప్పుడు వింటే ఒళ్ళు మండింది, అయినా బాగానే ఉంది. అదే నాకు భయం. మా చెల్లెలికి ఫోనులో వినిపిస్తే కాసేపు ఊరుకొని, “అయితే నేను అక్కడున్నా దిగేదాన్నేమోనే అక్కా” అంది. పౌరుషం గురించిన తీర్పును మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జవాబు 4: వంశధార, గుణుపురం

ఓటమిని సగం ఒప్పుకుంటున్నాను. జాలి గురించి నేను ఆలోచించలేదు. శాస్త్రం పట్టుకున్నవాడికి చెవి కొంచెం మందగిస్తుంది. అయితే చివరి దృశ్యంలో అతను పోయాక అందరూ తమ తమ దారి చెబుతారు కదా, అది ఒకసారి చూడండి. అన్నా ఏడాది ఆగమంటుంది. జెర్లీనా, మసెట్టో ఇంటికి వెళ్ళి కలిసి భోజనం చేస్తామంటారు. లెపొరెల్లో మంచి యజమానిని వెతుక్కోవడానికి సత్రానికి పోతానంటాడు. ఎల్వీరా మఠంలో చేరుతానంటుంది. ఆ గుంపులో జొవాన్ని పోయినందుకు బతుకే మారిపోయినది ఆమెకొక్కతెకే. భార్య కాదని లోకం అన్నది, ఆమె చేసింది మాత్రం వైధవ్యమే.

జవాబు 5: నాగావళి, రాయగడ

ఆ మాట నాకు నచ్చింది మాస్టారూ. ఒక్క అనుమానం మిగిలింది. ఋషికుల్య గారు చెప్పిన ఆ పనిపిల్లకు ఒపెరా మొత్తంలో ఒక్క స్వరం కూడా లేదు, పేరు కూడా లేదు. పాట అయ్యాక కిటికీ దగ్గర ఎవరో కదిలినట్లు జొవాన్ని చూస్తాడు, ఇంతలో అతన్ని చంపడానికి మసెట్టో తనవాళ్ళను వెంటబెట్టుకొని రావడంతో అక్కడితో సరి. ఆమె తలుపు తీసిందో, మూసిందో. ఎల్వీరా మఠానికి వెళ్ళిన తరువాత ఆమెకు జీతం ఇచ్చేదెవరో.